ముందు ఏ ఆకు పాడైనదో చూడండి

మా పెద్దమ్మాయి నర్సింగ్ చదువుకు హాస్టలుకు వెళ్తూ, తన అక్వేరియంను మా దంపతులకు అప్పగించినది. రెండడుగుల గాజుతొట్టి, ఆరు గప్పీ చేపలు, నాలుగు రకాల మొక్కలు. "నాన్నా, నేను సెలవులకు వచ్చేసరికి ఇది ఇలాగే పచ్చగా ఉండాలి" అన్నది. అదెంత పని అనుకున్నాము.

నెల తిరగకముందే కొన్ని ఆకులు పసుపుబారినవి, కొన్నింటికి చిల్లులు పడినవి, కొన్ని జిగురుగా కరిగిపోయినవి. కంగారుపడి, తెలిసినవారు చెప్పిన మాట విని, కుండీలకు వేసే యూరియా ఒక చెంచాడు నీళ్ళలో కలిపాము. రెండు రోజుల్లో నాలుగు చేపలు చచ్చి తేలినవి. యూరియా నీటిలో అమ్మోనియాగా మారుతుందనీ, క్షారగుణం గల నీటిలో అది చేపలకు మరింత విషమనీ ఆ తరువాత తెలుసుకున్నాము. మా బోరునీరు అటువంటిదే. ఆ సంగతి అమ్మాయికి ఫోనులో చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ప్రియ పాఠకులారా, మావలె మీరు నష్టపోకూడదని, మేము నేర్చుకొన్న నాలుగు సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

పాత ఆకా? కొత్త ఆకా?

మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం తగ్గినప్పుడు మొక్క వాటిని పాత ఆకులనుండి తీసి చిగురుకు పంపుకుంటుంది. కాబట్టి ముందు పాత ఆకులే పాడవుతాయి. ఆకు మొత్తం పసుపుబారితే సాధారణంగా నత్రజని లోపం. సూదితో పొడిచినట్లు చిల్లులు పడి, అంచులు పండితే పొటాషియం లోపం. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే మెగ్నీషియం లోపం. ఇనుము మాత్రం పాత ఆకునుండి కదలదు. అందుచేత అది చాలనప్పుడు పాత ఆకులు పచ్చగానే ఉండి, చిగురు తెల్లబోతుంది.

లోపం తెలిసిన తరువాత, అక్వేరియం మొక్కలకోసమే అమ్మే ద్రవ ఎరువును సీసామీద వ్రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. కుండీల ఎరువు వద్దు.

నాటిన తీరు సరియైనదేనా?

జావా ఫెర్న్, అనూబియాస్ మొక్కలకు అడ్డంగా పెరిగే లావుపాటి కాండం ఉంటుంది. దానిని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుంది. మేము పాతాము! పైకి తీసి రాయికి దారంతో కట్టిన తరువాతనే అది తేరుకొన్నది.

క్రిప్టోకొరైన్ చోటు మారితే చాలు, ఆకులన్నీ కరిగిపోవచ్చును. చచ్చినదనుకొని పీకివేయకండి. వేరు గట్టిగా ఉంటే కొన్ని వారాల్లో కొత్త ఆకు వేస్తుంది. పెంపకందారులు అనేక నీటిమొక్కలను ఆకులు గాలిలో ఉండేటట్లు పెంచి అమ్ముతారు. నీట ముంచగానే ఆ పాత ఆకులు రాలడం సహజమే. లక్కీ బాంబూ మాత్రం నీటిలోపల బ్రతికే మొక్క కాదు. పూర్తిగా ముంచితే నెమ్మదిగా కుళ్ళుతుంది.

వెలుతురు ఎంతసేపు?

రోజుకు ఎనిమిది గంటల దీపం చాలును. కిటికీ ఎండ నేరుగా పడితే మొక్కలకంటె ముందు నాచు పెరిగి ఆకులను కప్పివేస్తుంది. మొక్కలు పగలు ప్రాణవాయువు ఇస్తాయి గాని, రాత్రి అవి కూడా దానినే వాడుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే గాలిపంపు పెట్టండి. మన గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల రైతులు రాత్రివేళ చెరువుల్లో ఏరేటర్లు తిప్పేది ఇందుకే.

కుళ్ళిన ఆకును ఉంచవద్దు

1850 ప్రాంతంలో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను కలిపి పెంచాడు. మొక్క బాగానే పెరిగినది గాని, పాత ఆకులు కుళ్ళి నీరు చెడినది. ఆయన చెరువు నత్తలను వేస్తే అవి కుళ్ళిన ఆకులను తినివేసినవి, తొట్టి బాగుపడినది. నత్తలు లేనివారు పండిన ఆకును కత్తెరతో తీసివేస్తే సరిపోతుంది.

చివరిగా ఒక మాట. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. రెండు మూడు వారాలు ఆగండి. ఎరువు, దీపం, నీరు అన్నీ ఒకేసారి మార్చితే ఏది మేలు చేసినదో తెలియదు. వేరు పట్టినదా అని రోజూ పైకి లాగి చూడకండి. పాడైన ఆకు మరల పచ్చబడదు. కొత్తగా వచ్చే ఆకును చూచే మొక్క కోలుకొన్నదో లేదో చెప్పాలి.

క్రిస్మస్ సెలవులకు అమ్మాయి వచ్చినది. సంచి దించి, తొట్టి ముందు కూర్చొని మొదట చేపలను లెక్కపెట్టినది. రెండే. అప్పుడు యూరియా సంగతి దాచకుండా చెప్పాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, కరిగిపోయిన క్రిప్టోకొరైన్ మొదట్లోనుండి లేచిన రెండు చిన్న ఆకులను చూచి, "దీన్ని పీకెయ్యలేదు కదా నాన్నా, మంచి పని చేశారు" అన్నది.