స్పెయిన్ వైన్: పీపాలో పుట్టే రుచి

స్పెయిన్ వైన్ కొనబోయేవారు చాలామంది ముందు ద్రాక్ష రకం పేరు వెతుకుతారు. అంతకన్నా ముందు ఆ వైన్ పీపాలో ఎన్నాళ్లుంది, ఎలా ఉంది అని అడగమంటాను. ప్రపంచంలో అత్యధిక విస్తీర్ణంలో ద్రాక్షతోటలున్న దేశం కదా, అన్నిటికీ ఈ ప్రశ్న నప్పదు. గలీసియా తీరంలో అల్బరీన్యో ద్రాక్షతో చేసే తెల్ల వైన్ సాధారణంగా తాజాగా తాగితేనే బాగుంటుంది. కానీ స్పెయిన్‌ ప్రత్యేకతంతా వైన్‌ను ఓపిగ్గా మాగబెట్టడంలోనే ఉందని నా నమ్మకం.

ఉత్తరాన ఎబ్రో నది లోయలోని రియోహాతో మొదలుపెట్టడం సులువు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేసినప్పుడు, బోర్డో వ్యాపారులు సరుకు కోసం ఇక్కడికి వచ్చారు. ఆ గిరాకీతో హారో పట్టణం రైల్వేస్టేషన్ దగ్గర వైన్ సంస్థలు వెలిశాయి. 1877లో మొదలైన లోపెస్ దె ఎరెదియా ఇప్పటికీ అక్కడే ఉంది. ఇక్కడి ఎర్ర వైన్‌కు ప్రధానమైన ద్రాక్ష తెంప్రానియో. లేబుల్ మీద క్రియాంసా అని ఉంటే కనీసం రెండేళ్లు మాగిందన్నమాట, అందులో ఏడాదైనా ఓక్ పీపాలో. రెసెర్వాకు మూడేళ్లు, గ్రాన్ రెసెర్వాకు ఐదేళ్లు. కొన్నవాళ్లు ఇంట్లో దాచుకుని ఎదురుచూడాల్సిన కాలాన్ని తయారుచేసినవాళ్లే భరిస్తారు. అలాగని ఎక్కువేళ్లు మాగిందే గొప్పదనుకోకండి. పండు రుచి నిండుగా కావాలంటే క్రియాంసాయే నయం. గ్రాన్ రెసెర్వాలో ఆ రుచి తగ్గి, తోలు, పొగాకు, ఎండుపండ్ల వాసనలు ముందుకొస్తాయి.

అసలు అద్భుతం దక్షిణాన, అండలూసియాలోని హెరెస్‌లో ఉంది. షెర్రీ పుట్టిల్లు అదే. షెర్రీ అంటే తియ్యటి వైన్ అని చాలామంది అనుకుంటారు గానీ, ఫీనో అనే రకంలో తీపి జాడే ఉండదు. దానికి వాడే పలొమీనో ద్రాక్షకు సొంత రుచి అంతంతమాత్రం. ఆ వైన్‌లో కొంచెం ద్రాక్ష సారాయి కలిపి ఆల్కహాల్‌ను 15 శాతం దగ్గరకు తెస్తారు. 600 లీటర్ల పీపాలో నిండా పోయకుండా పైన కాస్త ఖాళీ వదులుతారు. అప్పుడు పాల మీద మీగడలా వైన్ మీద తెల్లటి పొర కడుతుంది. ప్రాణమున్న ఈస్ట్ అది, పేరు ఫ్లోర్. వైన్‌కు గాలి తగలకుండా కాచేది అదే, అందుకే రంగు లేతగా నిలుస్తుంది. బతకడానికి వైన్‌లోని ఆల్కహాల్‌ను, గ్లిసరిన్‌ను తింటుంది కాబట్టి ఫీనో నాలుకకు తేలిగ్గా తగులుతుంది. బాదం వాసన, పులిసిన పిండి వాసన కూడా ఫ్లోర్ చలవే. అదే ఆల్కహాల్‌ను 17 శాతానికి పెంచితే ఫ్లోర్ బతకదు. ఇక గాలి నేరుగా పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వైన్ ముదురు గోధుమ రంగుకు తిరిగి, అక్రోటు వాసన పట్టి, ఒలొరోసో అవుతుంది.

మాగబెట్టే పద్ధతి కూడా వేరు. అన్నిటికన్నా పాత వైన్ ఉన్న అడుగు వరుస పీపాల నుంచి కొంత తీసి సీసాల్లో నింపుతారు. ఆ వెలితిని పై వరుసతో, దాని వెలితిని ఆపై వరుసతో పూడుస్తారు. కొత్త వైన్ చేరేది చిట్టచివరి పై వరుసలోనే. ఏ పీపానూ పూర్తిగా ఖాళీ చేయరు. సొలేరా పద్ధతి అంటే ఇదే. ఇలా ఎన్నో ఏళ్ల వైన్ కలిసిపోతుంది కాబట్టి చాలా షెర్రీ సీసాల మీద పంట సంవత్సరం కనిపించదు.

వైన్ అలవాటున్నవారు ఫీనోను బాగా చల్లబరచి, ఉప్పు బాదంతోనో ఆలివ్‌లతోనో వేయించిన చేపతోనో చిన్న గుక్కలుగా రుచి చూడండి. ఆల్కహాల్ మామూలు వైన్ కన్నా ఎక్కువ కాబట్టి చిన్న గ్లాసు చాలు. తెరిచిన ఫీనో సీసాను ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపే ముగించాలి. ఒలొరోసో అయితే కొన్ని వారాలు నిలుస్తుంది.