తిరిగే కొయ్య – కరిగే లక్క

కుమ్మరి సారె మీద మట్టి తిరిగితే కుండ అవుతుంది. తరిమెన మీద కొయ్య తిరిగితే బొంగరమో, కుంకుమ భరిణో అవుతుంది. రెండూ తిరుగుడు పనులే అయినా వాటి నడుమ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కుండ గోడ పలుచనైపోతే కుమ్మరి ఆ మట్టిని ముద్దచేసి మళ్లీ మొదలుపెట్టగలడు. కొయ్యపని చేసేవానికి ఆ అవకాశం లేదు. ఉలి తీసివేసిన కొయ్యను తిరిగి చేర్చటం ఎవరి తరమూ కాదు. అందుచేత ఎక్కడ ఆగాలో తెలియటమే ఈ విద్యలో గొప్ప నేర్పు.

కొయ్యను ఇరుసుకు బిగించి, అది తిరుగుతుండగా ఉలి ఆనించి గుండ్రంగా మలిచే సాధనమే తరిమెన. నేడు దీనిని లేత్ అని వ్యవహరిస్తున్నారు. మంచపు కోళ్లు, అప్పడాల కర్రలు, గడ్డానికి సబ్బునురగ పట్టించే కుంచెల కొయ్య పిడులు మొదలైనవి దీనిపై తయారవుతాయి. తెలుగునాట ఈ పనికి పేరుపొందిన గ్రామం ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఈ గ్రామం ఉంది. ఇక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొండపల్లి బొమ్మకు అవయవాలను విడివిడిగా చెక్కి అతుకుతారు. ఏటికొప్పాక బొమ్మ ప్రధానంగా తిరుగుడులోనే పుడుతుంది. కనుకనే దాని రూపంలో గుండ్రదనం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

ఈ బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. ఇది మెత్తనిది, లేత రంగు కలది, సన్నని పోగు కలది. ఉలికి సులభంగా లొంగుతుంది. అయితే పచ్చి కర్ర పనికిరాదు. తేమ ఆరేకొద్దీ కొయ్య అన్ని వైపులా సమానంగా కుంచించుకుపోదు. పచ్చిగా ఉన్నప్పుడు మలిచిన భరిణె ఆరిన తరువాత వంకర తిరుగుతుంది, లేదా బీటలు వారుతుంది. అందువలన కర్రను బాగా ఎండనిచ్చి, తగిన పొడవుకు ముక్కలు కోసి, ఆ పిదపనే తరిమెనకు ఎక్కిస్తారు.

పూర్వం ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును ముందుకు వెనుకకు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇరుసు ఒక దిశలో తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. ఎదురు దిశలో తిరిగేటప్పుడు ఉలిని కొద్దిగా వెనుకకు తీయాలి. ఈ లయ ఇద్దరికీ కుదిరితేనే పని సాగేది. విద్యుత్తు మోటారు వచ్చాక కొయ్య ఒకే దిశలో ఎడతెగక తిరుగుతున్నది. శ్రమ తగ్గింది కాని, చేతి నేర్పు అవసరం తగ్గలేదు. భరిణెకు మూత చేసేటప్పుడు వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే మూత వదులవుతుంది. తక్కువ తీస్తే అది పట్టదు.

రూపం సిద్ధమైన తరువాత రంగు వేయటంలోనే అసలైన చమత్కారం ఉంది. ఇక్కడ కుంచె లేదు, తడి రంగు లేదు. రేగు, మోదుగ వంటి చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు స్రవించే జిగురు నుండి లక్క లభిస్తుంది. దానిని వేడిచేసి, రంగు కలిపి, సాగదీసి, మడిచి కడ్డీలుగా చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని గట్టిగా ఆనిస్తే రాపిడి వలన వేడి పుడుతుంది. నీరు మరిగే వేడికంటె తక్కువ వేడికే లక్క మెత్తబడి కొయ్యపై పలుచని పొరగా పరచుకుంటుంది. ఆపైన ఎండిన మొగలి ఆకును అదిమి పడితే ఆ పొర నునుపై, నిగనిగలాడుతుంది. రూపానికి, రంగుకు, మెరుగుకు మూడింటికీ మూలం ఆ ఒక్క తిరుగుడే.

ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాలలో ఈ లక్కలో రసాయనిక వర్ణాలు చేరాయి. అవి చవకగా, సులభంగా దొరికేవి. కాని బొమ్మ కేవలం చూసే వస్తువు కాదు. పసిబిడ్డ చేతికందిన ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటాడు. కొన్ని కృత్రిమ వర్ణాలలో ఉండే సీసం వంటి లోహాలు శరీరంలో చేరితే పిల్లల మెదడు ఎదుగుదలకే హాని కలుగుతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించి, అదే గ్రామానికి చెందిన సి.వి. రాజు కళాకారులతో కలిసి మొక్కల నుండి తీసే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. పసుపు కొమ్ముల నుండి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుండి నారింజ, నీలి మొక్క నుండి నీలం రంగులు లభిస్తాయి. ఆయన కృషికి భారత ప్రభుత్వం 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది.

అయినా ఈ కళకు ఒక చింత మిగిలే ఉంది. రంగులను మార్చుకోవచ్చు, తాడుకు బదులు మోటారు పెట్టుకోవచ్చు. కాని అంకుడు కర్ర లేనిదే ఈ బొమ్మ లేదు. చెట్టును మొదలంటా పెకలించక కొమ్మలను మాత్రమే కోసుకుంటే అది మళ్లీ చిగురిస్తుంది. వాడుకున్నదానికి సమానంగా కొత్త మొక్కలు నాటితే రాబోయే తరానికీ పని మిగులుతుంది. ఉలి ఎక్కడ ఆగాలో తెలిసినవానికి గొడ్డలి ఎక్కడ ఆగాలో కూడ తెలియాలి.