కారు రంగుకు ఇంట్లోనే మెరుగు
ఎండలో కారు మీద సాలెగూడులా కనిపించే సన్నగీతలు చాలావరకు పైనున్న పారదర్శక పొర, క్లియర్‌కోట్‌లోనే ఉంటాయి. దాని మందం సాధారణంగా 40–50 మైక్రాన్లే. తలవెంట్రుక కన్నా పలుచన. పాలిషింగ్ గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేస్తుంది. అరిగింది తిరిగి రాదు.

అందుకే కొత్తవారికి తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ మేలు. గిర్రున తిరిగే రోటరీ ఒకేచోట నిలిస్తే వేడి పుట్టి రంగు కాలిపోతుంది. గ్రైండర్‌కు ప్యాడ్ తగిలించడం మరీ ప్రమాదం.

ముందు కారు కడిగి, క్లే బార్ అనే మెత్తని ముద్దతో రుద్ది అంటుకున్న మురికి తీయాలి. అంచుల్లో పొర ఇంకా పలుచన, అక్కడ మాస్కింగ్ టేపు తప్పనిసరి. నీడలో, చల్లని రేకు మీద, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో మొదట చిన్న భాగంలో పాలిష్ చేసి చూసి, తర్వాతే మిగతా భాగం చేయాలి. చివర మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి వ్యాక్స్ పూయాలి. గోరుకు తగిలే లోతైన గీతల జోలికి మాత్రం వెళ్లకండి.