ఇరుసు మీది బేరింగు చెడకుండా తీసుడు ఎట్లా?

వరి కోతలప్పుడు మిర్యాలగూడ రైసు మిల్లుల ముందర వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. నాలుగు నెలల ముందు అవే ట్రాక్టర్లు సాగర్ ఎడమ కాల్వ కింది పొలాలల్ల మోకాలు లోతు బురదలో దమ్ము చేసినయి. ఆ బురద నీళ్లు చక్రం లోపలికి పోకుండా ఆపేది ఒక చిన్న రబ్బరు సీలు. సీలు చిరిగితే దాన్ని మార్చాలి. కాని చాలా బండ్లకు బేరింగు తీయనిదే సీలు చేతికి రాదు. ఇక్కడనే తొందరపడి సమ్మెట ఎత్తుతరు. సీలు మార్చబోయి మంచి బేరింగును పాడు చేసుకుంటరు. అట్లా కాకుండా ఎట్లా తీయాలో తెలుసుకుందాం.

బేరింగులో ఏముంటది?

లోపల ఒక రింగు, బయట ఒక రింగు, రెండింటి మధ్య ఉక్కు గుండ్లు లేక రోలర్లు. ఇవి ఒకదానికొకటి తగలకుండా ఒక జాలీ ఉంటది. అంతే. రింగుల మీద గుండ్లు దొర్లే దారి అద్దం లెక్క నున్నగా ఉంటది. బేరింగు పానమంతా ఆ నునుపులోనే ఉంది.

ఎందుకంత బిగుతు?

ఇరుసు మందం 50 మి.మీ. అనుకుందాం. బేరింగు రంధ్రం దానికంటే సుమారు 0.01 నుంచి 0.03 మి.మీ. చిన్నగా ఉంటది. అంటే వెంట్రుక మందం కంటే కూడా తక్కువ తేడా. అందుకే దాన్ని ప్రెస్సుతో నొక్కి ఎక్కిస్తరు. వదులుగా ఉంటే రింగు ఇరుసు మీద మెల్లగా జారుతూ ఇరుసునే అరగదీస్తది.

అయితే రెండు రింగులూ బిగుతుగా ఉండవు. ట్రాక్టరు వెనక చక్రానికి, జీపు వెనక చక్రానికి ఇరుసే తిరుగుతది. అక్కడ లోపలి రింగు ఇరుసును పట్టుకుంటది. ట్రాలీకి, టైరు బండికి ఇరుసు కదలదు, చక్రం బుడ్డి తిరుగుతది. అక్కడ బయటి రింగు బుడ్డిలో బిగుతుగా ఉంటది. తిరిగే దానికి రింగు బిగుతు అని గుర్తు పెట్టుకుంటే చాలు. తుప్పు పడితే మాత్రం వదులు రింగు కూడా పట్టేస్తది.

అసలు సూత్రం

ఏ రింగు బిగుతుగా ఉందో ఆ రింగునే పట్టి లాగాలి. లోపలి రింగు బిగుతుగా ఉంటే, బయటి రింగును పట్టి లాగొద్దు. ఎందుకంటే ఆ బలమంతా మధ్యలో ఉన్న గుండ్ల మీదుగా పోతది. గుండు రింగుకు తగిలేది ఒక చుక్కంత చోటనే. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం అని మనం క్లాసులో చదువుకున్నాం గదా! వైశాల్యం చుక్కంత అయితే పీడనం ఎంతవుతుందో ఆలోచించండి. నున్నటి దారి మీద గుండు గుండుకు ఒక గుంట పడుతది. పైకి ఏమీ కనబడదు. రోడ్డెక్కినాక గుర్రుమని చప్పుడు, వేడి, కొన్నాళ్లకు చక్రం ఊగుడు. కూలీలు ఎక్కిన బండికి అట్లా అయితే ప్రాణాల మీదికి వస్తది.

తీసే పద్ధతి (ఇరుసు తిరిగే బండికి)

1. బండి లేపినాక జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. కింద గట్టి మొద్దు పెట్టాలి.

2. ఇరుసు బయటికి తీసినాక బురద, తుప్పు కిరసనాయిలుతో కడగాలి. ఇరుసు మీద గరుకులుంటే ఎమెరీ కాగితంతో రుద్దాలి. లాక్ నట్టు, సర్‌క్లిప్, కాలరు ఏదైనా అడ్డం ఉందా చూడాలి. అడ్డం ఉండంగ లాగితే ఏదో ఒకటి విరుగుతది.

3. పుల్లర్ కాళ్లు లోపలి రింగు వెనకకు తగిలించాలి. మూడు కాళ్ల పుల్లర్ అయితే వంకర పోదు. కాళ్లు పట్టే సందు లేకపోతే రెండు ముక్కల పలకను రింగు వెనక బిగించి, ఆ పలకను లాగాలి.

4. నడిమి స్క్రూ ఇరుసుకు సరిగ్గా మధ్యలో ఆనాలి. మరలకు గ్రీజు రాసి పానాతో నిదానంగా బిగించాలి.

5. కదలకపోతే పానాకు పైపు తొడిగి బలం పెంచొద్దు. బిగువు అట్లనే ఉంచి, రింగు మీద సుమారు 100 డిగ్రీల వేడి నూనె పోస్తరు. ఇరుసు వేడెక్కకముందే రింగు వ్యాకోచించి పట్టు వదులుతది. ఇది అనుభవం ఉన్న మెకానిక్ చేసే పని, మనం దూరంగా నిలబడాలి.

చేయకూడనివి

సుత్తి, ఉలి పెట్టి బేరింగును కొట్టొద్దు. ఆ ఉక్కు చాలా గట్టిది. దెబ్బకు వంగదు, పెంకులుగా ఎగురుతది. ఒక్క పెంకు చాలు కన్ను పోవడానికి. పుల్లర్‌తో తీసేటప్పుడు కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఉలి జారి ఇరుసు మీద గాటు పడితే బేరింగు కంటే పెద్ద నష్టం. గ్యాసు మంట పెట్టొద్దు. బేరింగు 120 డిగ్రీలు దాటితే ఉక్కు గట్టిదనం తగ్గే ప్రమాదం ఉంది. నీలి రంగుకు తిరిగిన బేరింగు మళ్లీ పనికిరాదు.

ఒక్కోసారి బయటి రింగును పట్టి లాగుడు తప్ప దారి ఉండదు. అప్పుడు లాగొచ్చు, కాని ఆ బేరింగును మళ్లీ ఎక్కించకుండా కొత్తది వేయాలి.

తీసినాక

కడిగి, చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. గరగర అన్నా, ఎక్కడన్నా పట్టినట్టు అనిపించినా పక్కన పెట్టాలి. గాలి పంపుతో గిర్రున తిప్పొద్దు, చెదిరిపోయే ప్రమాదం ఉంది. బాగుంటే గ్రీజు పెట్టి శుభ్రమైన కాగితంలో చుట్టాలి.

మళ్లీ ఎక్కించేటప్పుడు వేడే మన దోస్తు. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. సాగుతది. 50 మి.మీ. రంధ్రాన్ని 30 నుంచి 90 డిగ్రీలకు వేడి చేస్తే 0.036 మి.మీ. పెరుగుతది. ఇందాక చెప్పిన 0.03 తేడా మాయం! అందుకే బేరింగును డబ్బా అడుగుకు తగలకుండా తీగెకు వేలాడదీసి నూనెలో కాచి తొడుగుతరు. రెండు పక్కల సీలు ఉన్న బేరింగును మాత్రం నూనెలో కాచొద్దు, లోపలి గ్రీజు పోతది.

మీకు ఒక లెక్క

బేరింగు మీద 6210 అని ఉంటే చివరి రెండంకెలను 5తో గుణించండి. 10×5=50 మి.మీ., అదే రంధ్రం కొలత. 04 నుంచి పైకి ఈ లెక్క నడుస్తది. ఫ్యాన్లలో వాడే 6202కు నడవదు, దాని రంధ్రం 15 మి.మీ. మరి 6207 రంధ్రం ఎంత?

పది పాసయినంక ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదవాలనుకునే మిత్రులారా! బలం అందరికీ ఉంటది. ఆ బలం ఎక్కడ పడాలో తెలిసినవాడే మంచి మెకానిక్.