గ్లాసు బోర్లించిన నెల

ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది 1918లో. అదే ఏడాది నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చి, యూనివర్సిటీ పక్కనే తార్నాకలో మకాం వేసింది. ఇవాళ అందరూ ఎన్‌ఐఎన్ అని పిలిచే జాతీయ పోషకాహార సంస్థ అదే. దీనికీ విస్కీకీ ఏమిటి చుట్టరికం అంటారా? బెరిబెరి బి1 విటమిన్, అంటే థయమిన్ కరువై వచ్చే జబ్బు. ఏళ్ల తరబడి గట్టిగా తాగేవాళ్ల ఒంట్లో అడుగంటేదీ ఆ విటమినే. అందుకే తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరినవాళ్లకు డాక్టర్లు మొట్టమొదట ఎక్కించే వాటిలో థయమిన్ ఒకటి.

◆

తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కల విస్కీ రుచి తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఒక పక్క యూనివర్సిటీ, మరోపక్క ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధనా సంస్థలు. రిటైరైన ప్రొఫెసర్లు, సైంటిస్టులు, వాళ్ల పిల్లలు అమెరికాలో. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు తలకు 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కొడుకూ కోడలూ కలిసి వస్తే 4 లీటర్లన్నమాట. తాగడం తగ్గించిన ఇంట్లో ఈ లెక్క ఎటు పోతుందో చూడండి: బీరువాలో సింగిల్ మాల్టులు పెరుగుతూనే ఉంటాయి, మూతలు మాత్రం విప్పరు.

◆

అలాంటి ఇల్లొకటి నాకు బాగా తెలుసు. కెమిస్ట్రీ మాస్టారిది. ‘ఏం మాస్టారూ, పూర్తిగా మానేశారట?’ అంటే, ‘మానలేదయ్యా, సెలవు పెట్టాను’ అన్నారు. ఆదివారం సాయంత్రం మాత్రం ఒక తంతు జరుగుతుంది. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గ్లాసులో చెంచాడు విస్కీ పోస్తారు. డ్రాపరుతో నాలుగు చుక్కల నీళ్లు వేసి, పైన ల్యాబులో వాడే వాచ్ గ్లాసు మూతపెట్టి, పేపరు చదువుకుంటారు. కాసేపయ్యాక మూత తీసి, నోరు కొంచెం తెరిచి వాసన చూస్తారు. నోటు పుస్తకంలో ‘ఎండు ఖర్జూరం, కొత్త తోలు చెప్పు, కొంచెం పొగ’ అని రాసుకుంటారు. తర్వాత ఆ చెంచాడూ సింకులో పారబోస్తారు. ఒకసారి తులసి కుండీ వైపు చూస్తుంటే, ‘దాని జోలికి మాత్రం వెళ్లకండి’ అని మేడమ్‌గారు వంటింట్లోంచే కేకేశారు.

వినడానికి పిచ్చిగా ఉన్నా, స్కాట్లండ్‌లో విస్కీ కలిపే నిపుణులు చేసేదీ ఇంచుమించు ఇదే. రోజుకు వందల శాంపిల్స్ చూడాల్సినవాళ్లు తాగుతూ కూర్చుంటే మధ్యాహ్నానికే బల్ల మీద వాలిపోతారు. నీళ్లు కలిపి సుమారు 20 శాతానికి దించి, ముక్కుతోనే తేల్చేస్తారు. నీళ్ల సంగతి ఉత్త నమ్మకం కాదు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు, విస్కీలో నీళ్లు కలిపినప్పుడు పైతలానికి చేరతాయని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. నీళ్లు కలపడం చేతకానితనం అని ఎగతాళి చేసే మిత్రులకు ఇది చదివి వినిపించండి.

◆

మన సీసాల మీద 42.8 శాతం అనే వింత అంకె ఎందుకుంటుందో తెలుసా? బ్రిటిష్‌వాళ్ల పాత ‘ప్రూఫ్’ కొలతలో 100 డిగ్రీలంటే సుమారు 57.1 శాతం ఆల్కహాల్. అందులో 75 డిగ్రీలు తీసుకుంటే 42.8. దొరలు వెళ్లిపోయారు, అంకె ఉండిపోయింది.

ఆ అంకెతోనే ఒక లెక్క వేద్దాం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో అసలు ఆల్కహాల్ దాదాపు 20 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల చొప్పున 140 పైచిలుకు. క్వార్టరు సీసాకు 60 గ్రాములు, 425 కేలరీలు. వేయించిన పల్లీలు, చికెన్ 65 దీని మీద అదనం. బ్రిటన్ ప్రభుత్వ సలహా ప్రకారం వారానికి దాటకూడని హద్దు 112 గ్రాములు. ‘నేనసలు తాగను సార్, రాత్రి రెండు పెగ్గులంతే’ అనే పెద్దమనిషిది వారానికి 280 గ్రాములు దాటుతుంది. ఆయన 41 రోజులు మానితే మిగిలేవి ఆరున్నర ఫుల్ బాటిళ్లు.

◆

41 అనే అంకె ఊరికే వేయలేదు. ఈ మధ్య ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న ‘డ్రై జనవరి’ బ్రిటన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ 2013లో మొదలుపెట్టింది. అంతకు చాలా ముందే, 1942 జనవరిలో, యుద్ధం మధ్యలో ఉన్న ఫిన్లాండ్ ప్రభుత్వం నెలపాటు తాగకండని జనానికి పిలుపిచ్చింది. మనవాళ్లకు ఈ పని కొత్తా? కార్తీకం వస్తే చాలు, తార్నాక వీధుల్లో నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు. అయ్యప్ప దీక్ష ఒక మండలం, 41 రోజులు. చుక్కా ముక్కా బంద్. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక.

దీక్షలో నన్ను ఆకట్టుకునేది భక్తి కన్నా దాని ఏర్పాటు. మాల వేసుకున్నవాణ్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. భార్యా ‘స్వామీ’ అంటుంది, ఆఫీసులో బాసూ ‘స్వామీ’ అంటాడు. నిన్నటిదాకా ‘రారా మామా, సిట్టింగ్ వేద్దాం’ అన్నవాడే ఇవాళ పక్కకు జరిగి దారిస్తాడు. మానేశానని నలుగురికీ విడివిడిగా చెప్పుకునే బాధ లేదు, ఎందుకు మానేశావని ఎవరూ ఆరా తీయరు. బట్టల రంగే జవాబు చెబుతుంది. డ్రై జనవరికి ఇంత బందోబస్తు లేదు. పార్టీలో ప్రతి ఒక్కరికీ కొత్తగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఒక డిసెంబరులో వైన్స్ కౌంటరు వెనక నల్లపంచె, మెడలో తులసిమాలతో ఒక కుర్రాణ్ని చూశాను. చేత్తో క్వార్టర్లు అందిస్తున్నాడు. కొనేవాడు కూడా ‘చిల్లర చూడు స్వామీ’ అనే అంటున్నాడు.

అయ్యప్ప ఒక్కడే కాదు. ఎర్రబట్టల భవానీ దీక్ష, కాషాయంతో హనుమాన్ దీక్ష, శివదీక్ష ఉన్నాయి. పాతబస్తీ వైపు వెళితే, ఏడాదంతా తాగినా రంజాన్ నెల మాత్రం సీసా ముట్టనివాళ్లు ఉంటారు. ఇక వారాల సంగతి సరేసరి. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శనివారం వేంకటేశ్వరస్వామి. నలుగురినీ మనస్ఫూర్తిగా నమ్మితే వారానికి మూడు రోజులే మిగులుతాయి. వారంలో కొన్ని రోజులు చుక్క ముట్టకండని లివర్ డాక్టర్లు చెప్పేదీ ఇలాంటిదే.

◆

ఒక్క నెల విరామంతో ఒంట్లో ఏమవుతుంది? మోస్తరు నుంచి ఎక్కువగా తాగే 94 మందిని నెలపాటు మాన్పించి లండన్ పరిశోధకులు కొలిచి చూశారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇన్సులిన్ నిరోధకత సుమారు పావు వంతు తగ్గింది. బీపీ, బరువు దిగాయి. ఇదంతా తిండిలోనో వ్యాయామంలోనో మార్పుల వల్ల వచ్చింది కాదని కూడా తేల్చారు. లివర్ పరీక్షల్లో జీజీటీ అని ఒకటుంటుంది. తాగుడు వల్ల పెరిగిన జీజీటీ, మానేశాక రెండు మూడు వారాలకోసారి సగానికి సగం దిగుతుంది. మండలం పూర్తయ్యేసరికి అది రెండుసార్లు సగమయ్యే వ్యవధి దొరుకుతుందన్నమాట.

నాకున్న పేచీ అంతా 42వ రోజుతోనే. మాల తీసిన సాయంత్రమే ‘బాకీ తీర్చుకునే’ సిట్టింగ్ వేసేవాళ్లు బోలెడుమంది. అన్ని రోజుల విరామంలో శరీరం పాత అలవాటును మర్చిపోతుంది. వెనకటి మూడు పెగ్గులే ఇప్పుడు అయిదు పెగ్గులంత పని చేస్తాయి. మాస్టారి లాంటివాళ్లు దీన్ని ఇంకోలా వాడుకుంటారు. రెండో పెగ్గు అక్కర్లేకుండానే సరిపోతోందని గమనించి, అక్కడే కొత్త హద్దు గీసుకుంటారు. బ్రిటన్‌లో డ్రై జనవరి పాటించినవాళ్లను ఆరు నెలల తర్వాత అడిగినా, చాలామంది మునుపటి కన్నా తక్కువే తాగుతున్నామన్నారు.

◆

రోజూ పొద్దున్నుంచే తాగేవాళ్లకు మాత్రం ఈ సెలవు లెక్కలు వర్తించవు. హఠాత్తుగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్, రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం జరుగుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి రోగులు బారులు తీరారు. తెలంగాణలో మళ్లీ షాపులు తెరిచింది మే 6న. ఇలాంటి రోగులు మానాల్సింది డాక్టరు చేతుల మీదుగానే.

◆

లాక్‌డౌన్ కన్నా పెద్ద విరామం తెలుగువాళ్లు అంతకుముందే చూశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. అప్పటికి విస్కీబాబులకు చీమ కుట్టినట్టయినా లేదు, అది పేదవాడి సీసా కదా. ఎన్టీఆర్ వచ్చి 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం పెట్టాకే వాళ్లకు సెగ తగిలింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అంతకు చాలా ముందు, 1954 నవంబరులో, ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయిందీ మద్య నిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో.

◆

తెలుగు తెరమీద తాగుబోతు అంటే ఇప్పటికీ 1953 నాటి ‘దేవదాసు’ అక్కినేనే. ఆ మత్తు కళ్ల కోసం ఆయన చుక్క ముట్టలేదు. కడుపునిండా పెరుగన్నం తిని, రాత్రిపూట షూటింగుకు దిగేవారు. వాలిపోతున్న ఆ కళ్లు నిద్రమత్తువి.

◆

తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఈ రసాయనాన్ని రబ్బరు పరిశ్రమలో వాడేవాళ్లు. అక్కడి కార్మికులకు మద్యం పడటం లేదని 1930లలోనే ఒక డాక్టరు గమనించాడు. 1940లలో డెన్మార్క్‌లో దాన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తమ మీదే ప్రయోగించుకున్న ఇద్దరు పరిశోధకులు, పార్టీకెళ్లి తాగాక విషయం గ్రహించారు. భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టమని సలహాలిచ్చేవాళ్లు మన దగ్గర ఉన్నారు. వినకండి. తెలియక తాగితే ప్రాణాలు పోవచ్చు.

◆

ఆల్కహాల్ లేని బీరు తేలిగ్గానే కుదిరింది. ఆల్కహాల్ లేని విస్కీ మాత్రం ఇంకా తంటాలు పడుతోంది. గొంతులో ఆ మంట లేకపోతే ఉత్త చెక్క కషాయంలా ఉంటుంది. అందుకని అల్లం, మిరియాలు, మిరపకాయల ఘాటు కలిపి మంట పుట్టిస్తున్నారు. మన శొంఠి మిరియాల కషాయానికి ఈ కళ ఎప్పటినుంచో తెలుసు, కాకపోతే దాన్ని ఎవరూ ఖరీదైన గాజు సీసాలో పోసి అమ్మలేదు. సిట్టింగులో ఉత్త చేతులతో కూర్చోలేనివాళ్లకు నా సలహా, నిమ్మకాయ పిండి, ఉప్పేసిన గోలీసోడా. ఆ గోలీ సీసాకు పేటెంటు 1870లలో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు తీసుకున్నాడు.

◆

తార్నాకలోనే ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. ఆర్టీసీ డ్రైవరు డిపోలో బస్సెక్కే ముందు శ్వాస పరీక్షకు ఊదాల్సిందే. బండి నడిపే మనబోటివాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు కాబట్టి, అర్ధరాత్రి క్వార్టరు ముగించినవాడు పొద్దున ఏడుకు బండి తీస్తే ఒంట్లో ఇంకా మిగిలే ఉండొచ్చు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్లు దాన్ని ఒక్క నిమిషం కూడా తొందరపెట్టలేవు.

◆

పీపాలో ఉన్నంతకాలం విస్కీ ఆవిరవుతూనే ఉంటుంది. స్కాట్లండ్ చలిలో ఏడాదికి సుమారు 2 శాతం, బెంగళూరు వాతావరణంలో 10 శాతానికి పైనే. సీసాలోకి దిగాక అది మారదు. పన్నెండేళ్ల విస్కీని బీరువాలో ఇంకో పదేళ్లుంచినా పన్నెండేళ్లదే. అందుకే విరామం తీసుకునేవాళ్లు సీసా పాడవుతుందేమోనని హడావిడిగా ఖాళీ చేయనక్కర్లేదు. వైన్‌లా పడుకోబెట్టకండి, ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. నిలువుగా, ఎండ తగలకుండా ఉంచండి. మూత విప్పిందైతే మెడ చుట్టూ పారాఫిల్మ్ చుట్టాలి. ల్యాబుల్లో ఫ్లాస్కుల మూతికి సాగదీసి చుట్టే ఆ మైనపు పొరనే ప్రపంచమంతా విస్కీ సేకరించేవాళ్లు వాడతారు. సీసాలో సగానికన్నా తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి మార్చుకోవాలి. లోపల గాలి ఎంత తక్కువుంటే వాసన అంత ఎక్కువకాలం నిలుస్తుంది.