చీకటి గదిలో ముగ్గురు పిల్లలు

చిన్నతనంలో మా ఊళ్ళో కరెంటు పోయిందంటే మాకు పండుగే. అమ్మ వసారాలో పీట వాల్చుకుని కూర్చునేది. అన్నయ్యా, నేనూ, చెల్లాయీ చుట్టూ చేరేవాళ్ళం. లక్ష్మణుడు సీతమ్మను అడవిలో దింపి వెనక్కి మళ్ళే ఘట్టం రాగానే చెల్లాయి ఏడుపు లంకించుకునేది. దానిని వెక్కిరిస్తూనే మేమూ కళ్ళు తుడుచుకునేవాళ్ళం.

అచ్చం ఇటువంటి దృశ్యాన్నే కలకత్తా అమ్మాయి ఒకతె ఇంగ్లీషులో పద్యంగా రాసింది. దాని పేరు ‘సీత’. చీకటి గదిలో ముగ్గురు పిల్లలు తల్లి నోట సీత కథ విని కంటతడి పెడతారు. ఆ పిల్లలు మళ్ళీ తల్లి పక్కన ఎన్నడు చేరుతారో అన్న నిట్టూర్పుతో పద్యం ముగుస్తుంది. అది రాసిన అమ్మాయి తోరూదత్తు. ఆ ముగ్గురు పిల్లలూ అబ్జు, అరు, తోరూ.

తోరూ 1856 మార్చి 4న రాంబగానులోని దత్తుల ఇంట పుట్టింది. తండ్రి గోవిందచంద్ర దత్తు స్వయంగా కవి. 1862లో ఆ కుటుంబం క్రైస్తవం పుచ్చుకుంది. మతం మారినా తల్లి నోటి కథలు మారలేదు. సావిత్రి, ధ్రువుడు, ప్రహ్లాదుడు ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

1865లో పద్నాలుగేళ్ళ అబ్జు పోయాడు. మిగిలిన ఇద్దరు ఆడపిల్లలనూ తల్లిదండ్రులు కళ్ళలో పెట్టుకున్నారు. 1869లో నలుగురూ కలిసి ఓడెక్కారు. ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో కొన్ని నెలలు బడి, తర్వాత లండను, ఆపైన కేంబ్రిడ్జిలో స్త్రీల కోసం పెట్టిన ఉపన్యాసాలు. 1873లో స్వదేశం చేరారు. మరుసటి యేడే, 1874 జూలైలో, ఇరవై యేళ్ళ అరు క్షయతో కన్నుమూసింది.

ఇక ఇంట్లో ముగ్గురే. తండ్రీ కూతుళ్ళు కలిసి సంస్కృతం మొదలుపెట్టారు. ఏదైనా మాట అర్థం దగ్గర పేచీ వస్తే పందెం, ఒక రూపాయి! నిఘంటువు తీసి చూస్తే చాలాసార్లు గెలుపు కూతురిదేనని తండ్రి తర్వాత రాసుకున్నాడు. ఓడిపోయినందుకు అంతగా మురిసిన తండ్రిని నేను మరొకరిని చదవలేదు.

1876లో తోరూ ఫ్రెంచి పద్యాలకు తన ఇంగ్లీషు అనువాదాలను భవానీపూరులో అచ్చు వేయించింది. ముందుమాట లేదు, పైన మెరుగులు లేవు. ఆ పుస్తకం లండనులో ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడి చేతిలో పడింది. చెత్తబుట్టకు పనికివచ్చేదనుకుని జేబులో వేసుకున్నాడట. తీరా తెరిచి చూస్తే ఎదురుగా విక్టర్ హ్యూగో పద్యానికి ఒక అనువాదం. ఆయన నివ్వెరపోయాడు. ఆయన వల్లనే తోరూ పేరు ఇంగ్లండులో వినబడింది.

ఇక్కడొక విశేషం చూడండి. ఆయనను నివ్వెరపరిచిన ఆ అనువాదం తోరూది కాదు, అరుది! తన పుస్తకంలో అక్క చేసిన ఎనిమిది అనువాదాలను తోరూ చేర్చి, వాటి కింద అక్క గుర్తు ఉంచింది. చెల్లెలి కీర్తికి తలుపు తీసినది చనిపోయిన అక్క చెయ్యి.

తోరూకు కూడా అదే జబ్బు. 1877 ఆగస్టు 30న, ఇరవై ఒకటో యేట, వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళలో ముగ్గురు బిడ్డలు! ఆ తండ్రి కూతురి కాగితాలు సర్దుతుంటే ఫ్రెంచి నవల ఒకటి పూర్తిగా రాసినది దొరికింది. చెల్లి నవల రాయడం, అక్క దానికి బొమ్మలు వేయడం అనేది వాళ్ళిద్దరి ఒప్పందం. ఒక్క పుటైనా చూడకుండానే అక్క పోయింది. ఆ నవల 1879లో పారిస్‌లో వెలువడింది. ‘సీత’ ఉన్న పురాణగాథల సంపుటి 1882లో లండనులో వచ్చింది. 1884లో తండ్రీ గతించాడు.

ఒంటరిగా మెరిసి రాలిపోయిన తారగా తోరూను చెప్పుకోవడం మనకు అలవాటు. నాకు మాత్రం ఆమె పద్యాల్లో ఒక ఇల్లంతా వినిపిస్తుంది. తల్లి కథ, తండ్రి పందెం, అక్క కలం, అన్న లేని చోటు. తన తోటలోని సరుగుడు చెట్టును గురించి రాసిన ప్రసిద్ధ పద్యంలో కూడా, ఆ చెట్టు తనకు ప్రియమైనది దాని అందం వల్ల కాదనీ, తనతో దానికింద ఆడుకున్నవాళ్ళ వల్లననీ చెబుతుంది.

మొన్న క్లాసులో ‘సీత’ సారాంశం చెబుతూ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మా అమ్మకిప్పుడు డెబ్బై ఆరేళ్ళు. అన్నయ్య ముంబయిలో, చెల్లాయి విశాఖలో, నేనిక్కడ. ముగ్గురం ఒక్కసారిగా అమ్మ దగ్గర కూర్చుని నాలుగేళ్ళయింది. దత్తుగారి పిల్లలు మళ్ళీ ఎన్నడు చేరుతారన్న ప్రశ్నకు ఈ లోకంలో జవాబు లేదు. మాకైతే రైలు టిక్కెట్టు చాలు.

ఆ సాయంత్రమే ఇద్దరికీ ఫోను చేశాను. సంక్రాంతికి వస్తామన్నారు. కరెంటు పోకపోయినా సరే, ఆ రాత్రి వసారాలో దీపం ఆర్పేస్తాము.