మునక నేర్చినవారికి మళ్ళీ బడి

నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, మన హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలో ఒకసారి, కృష్ణగిరి డ్యాములో మరొకసారి నిలిచి, చివరకు కడలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ కడలూరుకు ఉత్తరంగా కొద్ది దూరంలోనే పుదుచ్చేరి. గాలి సిలిండరు వీపున కట్టుకొని సముద్రంలో మునిగే స్కూబా విద్య నేర్పే శిక్షణాలయాలు అక్కడ వున్నవి. కృష్ణగిరి నుంచి చెంగం, తిరువణ్ణామలై మీదుగా నేరుగా రోడ్డున్నది గనుక, మన పిల్లలకు ఇది అందని విద్య కాదు.

ఈ విద్య వయసు నూరేళ్ళు కూడా లేదు. ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు 1943లో, మనిషి పీల్చినప్పుడు మాత్రమే తగినంత గాలిని అందించే పరికరాన్ని తయారుచేశారు. దానితోనే సామాన్యుడికి సముద్రగర్భం తలుపు తెరుచుకున్నది. మొదటి తరగతి చదివినవారికి సాధారణంగా 18 మీటర్ల లోతు వరకు అనుమతి. పై తరగతి చదివితే 30 మీటర్లు. లోతు మునకలకు వేరే శిక్షణ పొందినవారికి 40 మీటర్లు; వినోదానికి దిగేవారికి అదే హద్దు.

“ఏళ్ళ తరబడి మునుగుతున్నవాడికి మళ్ళీ పాఠాలేమిటి నాయనా? వచ్చిన ఈత మరచిపోతాడా?” అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కొత్తగా దిగేవాడు భయం చేత జాగ్రత్తగా వుంటాడు. పదిసార్లు క్షేమంగా తిరిగివచ్చినవాడికి భయం పోతుంది. దానితోబాటు జాగ్రత్తా పోతుంది. ఆ పోయిన జాగ్రత్తను లెక్కల రూపంలో, అలవాటు రూపంలో తిరిగి తెచ్చిపెట్టడమే ఈ పై చదువు చేసే పని.

గాలి లెక్క

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల దిగువన ఒత్తిడి ఒడ్డున వున్నదానికి నాలుగింతలు. అక్కడ పీల్చే ప్రతి శ్వాసకూ నాలుగింతల గాలి ఖర్చు. 200 బార్ల ఒత్తిడితో నింపిన 12 లీటర్ల సిలిండరులో సుమారు 2,400 లీటర్ల గాలి వుంటుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి ఒడ్డున అది రెండు గంటలు వస్తుంది. 30 మీటర్ల లోతున అరగంటే. ఆపదకని నాలుగోవంతు దాచుకుంటే మిగిలేది 22 నిమిషాలు. పైకి వచ్చే వ్యవధి కూడా అందులోనే. ఈ లెక్క నీటిలో దిగక ముందే కాగితం మీద తేలాలి.

నీటిలో దిగాక లెక్క వేసుకుందామంటే తల పనిచేయదు. సుమారు 30 మీటర్లు దాటితే గాలిలోని నత్రజని కల్లు తాగినట్లు మత్తెక్కిస్తుంది. ఆ మత్తు ఎక్కినవాడికి తనకు మత్తెక్కిందని తెలియదు. అంతా బాగానే వున్నదనిపిస్తుంది. గురువు దగ్గరుండగా ఒకసారి ఆ లోతు చూసివచ్చినవాడు తన బుద్ధిని తానే అనుమానించడం నేర్చుకుంటాడు.

మరికొన్ని పాఠాలు

కాళ్ళూ చేతులూ ఆడించకుండా, ఊపిరి తీయడం విడవడంతోనే ఒకే లోతున నిలబడడం ఒక పాఠం. దిక్సూచి చూస్తూ వెళ్ళిన దారినే తిరిగి రావడం మరొకటి. కళ్ళద్దం ఊడిపోయినా తొందరపడకుండా వుండడం, గాలి అయిపోయిన తోటివాడికి తన గాలి పంచి ఇద్దరూ నింపాదిగా పైకి రావడం, స్పృహ తప్పినవాడిని ఒడ్డుకు చేర్చడం తరువాతివి. ఇవన్నీ ఒకసారి చేసి చూపితే చాలవు. ఆలోచించే పని లేకుండా చేతులే చేసేటంతగా సాధన చేయాలి.

ఒక నీటి నేర్పు మరొక నీటికి చాలదు. 2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది బాలురు, వారి శిక్షకుడు చిక్కుకున్నారు. వారికోసం దిగిన సమన్ కునాన్ ఆ దేశపు నౌకాదళంలో పనిచేసిన ఆరితేరిన మనిషి. గుహలో గాలి సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ జూలై 6న ప్రాణం విడిచాడు. అంతకు ముందు జూలై 2న పిల్లల జాడ కనిపెట్టింది ఇద్దరు బ్రిటిషువారు. వారిలో రిక్ స్టాంటన్ అగ్నిమాపక దళంలో పనిచేసి విరమించినవాడు. అయితే గుహల్లో మునగడమే ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు. సమన్ ధైర్యానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. ధైర్యం ఒకటి, ఆ చోటికి తగిన శిక్షణ మరొకటి.

ఇంటి దారి

మన హోసూరువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పాఠం ఒకటున్నది. లోతున పీల్చిన నత్రజని కొంత రక్తంలో, కండరాల్లో కరిగి వుంటుంది. గోలీసోడా మూత తీయగానే బుడగలు పొంగినట్లు, ఒత్తిడి చప్పున తగ్గితే ఆ నత్రజని ఒంట్లో బుడగలు కడుతుంది. అందుకే పైకి మెల్లగా రావాలి. 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి.

నీటిలోనుంచి బయటపడితే పని అయిపోయినట్లు కాదు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. 600 మీటర్లకు పైబడిన ఎత్తుకు సమానమైన ఒత్తిడిలో విమానయానం చేయబోయేవారు, ఒక్క మునక అయితే కనీసం 12 గంటలు, పలు మునకలైతే 18 గంటలు ఆగాలని డైవర్ల వైద్య సలహా. హోసూరు ఎత్తు సుమారు 900 మీటర్లు! సముద్రమట్టాన రెండు మునకలు వేసి, ఆ సాయంత్రమే కారెక్కి, శూలగిరి దాటి ఇంటికి రావడమంటే, విమానం ఎక్కకుండానే ఆ ఎత్తుకు ఎక్కడమన్నమాట. ఆ రాత్రి పుదుచ్చేరిలోనే నిద్రచేసి, మర్నాడు గడువు చూసుకొని బయలుదేరడం మంచిది. తిరిగి వచ్చాక కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం కనిపిస్తే ప్రయాణపు బడలిక అని ఊరుకోకూడదు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళి, సముద్రంలో మునిగివచ్చిన సంగతి ముందుగా చెప్పాలి.

ఇంట్లో తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు సముద్రంలో దిగుతానంటే, ఎంత లోతుకు దిగుతావని ఒక్కటే అడగకండి. ఎంత గాలి మిగుల్చుకొని వస్తావు, ఎన్ని గంటలు ఆగి ఇంటికి వస్తావు అని కూడా అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పినవాడే ఆ చదువు చదివినవాడు.